సజాతి పదాలు

అవే చరరాశులు అవే ఘాతాలతో ఉండి, ముందున్న సంఖ్యా గుణకంలో మాత్రమే తేడా ఉన్న బీజీయ పదాలను సజాతి పదాలు అంటారు. 3య, 8య సజాతి పదాలు. 3య, 8క కావు. 3య, 8య² కూడా కావు, ఎందుకంటే అక్షరం ఒకటే అయినా ఘాతం వేరు. సజాతి పదాలను కూడాలన్నా తీసివేయాలన్నా గుణకాలతో లెక్క చేసి అక్షర భాగాన్ని అలాగే ఉంచుతారు. 3య + 8య = 11య. విజాతి పదాలను అలా కలపడం కుదరదు. 3య + 8క అన్నది అంతటితో పూర్తయిన జవాబే.

ఆరు, ఏడు తరగతుల్లో బీజగణితం మొదలుపెట్టిన పిల్లలకు 'సూక్ష్మీకరించండి' అని ఇచ్చే లెక్కల్లో సగానికి సగం ఈ పనే. చూడటానికి చిన్న నియమం. కానీ ఇది సరిగా మనసుకెక్కని పిల్లలు ఆ తర్వాత సమీకరణాల దగ్గరా, కారణాంకాల దగ్గరా, ఇంటర్ దాకా తడబడుతూనే ఉంటారు. బడి పుస్తకాల్లో రోమన్ అక్షరాలుండే చోట ఈ వ్యాసంలో య, క అని రాశాం. అవి ఊరికే ఎంచుకున్నవి కావు. భారతీయ గణితంలో శతాబ్దాల పాటు నడిచిన గుర్తులకు దగ్గరివి.

జనక్‌పురిలో మూడు పేర్లు

పశ్చిమ ఢిల్లీలోని జనక్‌పురి, ఢిల్లీ డెవలప్‌మెంట్ అథారిటీ వేసిన పెద్ద కాలనీల్లో ఒకటి. కేంద్ర ప్రభుత్వ కొలువుల మీద రాజధానికి వచ్చి ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఈ వైపున ఉన్నాయి. 1909లో రాజమండ్రిలో పుట్టి, రాజ్యాంగ పరిషత్తు సభ్యురాలిగా ఢిల్లీలో పనిచేసిన దుర్గాబాయి, రాజధానిలోని తెలుగు పిల్లల చదువు కోసం 1948లో ఆంధ్ర ఎడ్యుకేషన్ సొసైటీని స్థాపించారు. ఆ సొసైటీ నడిపే బడుల్లో ఒకటి జనక్‌పురిలో ఉంది. మెట్రో పింక్ లైన్‌లో దుర్గాబాయి దేశ్‌ముఖ్ సౌత్ క్యాంపస్ అని వినిపించే స్టేషన్ పేరు ఆమెదే.

ఇక్కడి తెలుగు పిల్లలకు ఈ ఒక్క భావన మూడు పేర్లతో ఎదురవుతుంది. ఇంగ్లీషు పుస్తకంలో లైక్ టర్మ్స్. హిందీ పుస్తకంలో సమాన్ పద్. ఊరి నుంచి వచ్చిన తాతయ్యో, గుంటూరులోనో వరంగల్‌లోనో చదువుకున్న అమ్మో లెక్క చెప్పడానికి కూర్చుంటే, సజాతి పదాలు. మూడూ ఒకటేనని పిల్లలు త్వరగానే పోల్చుకుంటారు. కానీ మూడు మాటలూ ఒకేలా పనిచేయవు. 'లైక్' అంటే పోలిక ఉన్నది. ఎంత పోలిక ఉంటే సరిపోతుందో ఆ మాట చెప్పదు. 3య, 3య² చూపుకి ఒకేలా ఉన్నాయి కదా అని పిల్లవాడు అడిగితే అతని తప్పేమీ లేదు. 'సమాన్' అనేది ఇంకొంచెం చిక్కు మాట. సమానం అంటే విలువ ఒకటే అని అప్పటికే ఎన్నో ఏళ్లుగా నేర్చుకున్న పిల్లలకు 3య, 8య సమాన పదాలు ఎలా అవుతాయో బోధపడదు. 'సజాతి' అన్న మాటలో ఆ ఇబ్బంది లేదు. విలువ వేరు కావచ్చు, జాతి మాత్రం ఒకటే. మూడింటిలోనూ కచ్చితమైన పేరు మనదే. పుస్తకం ఏ భాషలో ఉన్నా, ఇంట్లో ఈ మాట వాడితే పిల్లలకు లాభమే.

తెలుగులో ఇంకో సౌకర్యమూ ఉంది. బీజగణితంలో 3య + 8క లాంటి దాన్ని బీజీయ సమాసం అంటాం, అందులోని ముక్కల్ని పదాలంటాం. వ్యాకరణంలోనూ అవే మాటలు. సంఖ్య ముందు నిలిచే ద్విగు సమాసం, 'మూడు లోకాలు' లాంటిది, 3య పక్కన పెట్టి చూడండి. మూడు అనేది గుణకం, లోకాలు అనేది అక్షర భాగం. రెండు పదాలకూ సమాన ప్రాధాన్యమున్న ద్వంద్వ సమాసం, 'తల్లిదండ్రులు' లాంటిది, 3య + 8క పక్కన నిలుస్తుంది. ఇద్దరూ జంటగా ఉన్నారు, ఒకరిలో ఒకరు కలిసిపోలేదు. ఈ పోలికను నియమంగా సాగదీయకూడదు, రెండు శాస్త్రాలూ వేరు. అయినా తెలుగు పీరియడ్‌లో విన్న మాటే లెక్కల పీరియడ్‌లోనూ వినిపిస్తే పిల్లలకు బెరుకు తగ్గుతుంది.

జనక్‌పురిలో పెరిగే పిల్లలకు ప్రత్యేకంగా ఎదురయ్యే తికమక మరొకటి. అక్కడ చిరునామాలు అక్షరాలు, అంకెలు కలిసినవే. ఎ, బి, సి, డి బ్లాకులు, వాటిలో మళ్లీ అంకెలు, ఆ అంకెల వెనక ఇంకో అక్షరం. సి-4ఇ మార్కెట్‌కి వెళ్లొస్తానంటే ఇంట్లో అందరికీ అర్థమవుతుంది. ఆ 4 పక్కన ఉన్న 'ఇ' ఒక చోటుకు పేరు, సంఖ్య కాదు. బీజగణితంలో 4య అనగానే 'య' పేరుగా ఉండటం మానేసి సంఖ్యగా నిలుస్తుంది, 4తో గుణకారంలోకి వెళ్తుంది. అక్షరం ఒక గుర్తింపు బోర్డు అనుకునే అలవాటు నుంచి, అక్షరం ఇంకా విలువ తేలని సంఖ్య అనుకునే అలవాటుకు మారడమే ఈ పాఠంలో అసలు కష్టం.

ఎందుకు కలుస్తాయి

ఈ పాఠాన్ని పండ్లతో మొదలుపెట్టడం బళ్లలో మామూలు. మూడు మామిడిపండ్లు, ఎనిమిది మామిడిపండ్లు కలిపితే పదకొండు మామిడిపండ్లు. మూడు మామిడిపండ్లు, ఎనిమిది అరటిపండ్లు కలపలేం. వినడానికి హాయిగా ఉంటుంది, మొదటి రోజు పని జరిగిపోతుంది కూడా. కానీ దీనివల్ల 'మ' అంటే మామిడిపండు అని పిల్లల మనసులో పడిపోతుంది. నిజానికి అది మామిడిపండ్ల సంఖ్యో, ఒక్కో పండు ధరో కావాలి. బ్రిటన్‌లో 1970లలో జరిగిన ఒక పెద్ద అధ్యయనంలో పరిశోధకుడు డీట్మార్ క్యూషెమాన్ ఈ అలవాటును విడిగా గుర్తించి, అక్షరాన్ని వస్తువుగా చూడటం అని పేరు పెట్టాడు. ఆ ఫలితాలు 1981లో పుస్తకంగా వచ్చాయి. అక్షరాన్ని వస్తువుగా చూసే పిల్లలు తేలిక కూడికల్లో నెగ్గుకొస్తారు, అక్షరం నిజంగా సంఖ్యగా పనిచేయాల్సిన చోట ఆగిపోతారు. మామిడిపండుని మామిడిపండుతో గుణిస్తే ఏమొస్తుంది? య² దగ్గర పండ్ల బుట్ట పనికిరాదు.

పండ్ల కంటే మంచి ఆధారం తెలుగువాళ్ల నోట్లోనే ఉంది. అది ఎక్కం.

మూడో ఎక్కంలో ఒక వరస: మూడు ఎనిమిదులు ఇరవై నాలుగు. నాలుగో ఎక్కంలో ఒక వరస: నాలుగు ఎనిమిదులు ముప్ఫై రెండు. రెండూ కూడితే యాభై ఆరు. ఏడో ఎక్కం తెరిస్తే: ఏడు ఎనిమిదులు యాభై ఆరు. ఎనిమిదిని మనం బహువచనంలో పెట్టి, 'ఎనిమిదులు' అని లెక్కపెడుతున్నాం. మూడు ఎనిమిదులు, ఇంకో నాలుగు ఎనిమిదులు, మొత్తం ఏడు ఎనిమిదులు. ఎనిమిదుల బదులు తొమ్మిదులు పెట్టండి: ఇరవై ఏడు, ముప్ఫై ఆరు, మొత్తం అరవై మూడు. ఏడు తొమ్మిదులూ అరవై మూడే. ఏ సంఖ్య పెట్టినా ఇదే జరుగుతుంది కాబట్టి, ఆ సంఖ్య ఏదో చెప్పకుండా 3య + 4య = 7య అని రాసుకోవచ్చు. ఇక్కడ 'య' వస్తువు కాదు, మొదటి నుంచీ సంఖ్యే.

దీన్నే గణితంలో విభాగ న్యాయం అంటారు: 3య + 4య = (3 + 4)య. సజాతి పదాల నియమం విడిగా కంఠస్థం చేయాల్సింది కాదు, విభాగ న్యాయాన్ని వెనక నుంచి చదివితే వచ్చేదే. రెండు పదాల్లోనూ ఉన్న 'య'ను బయటికి తీస్తున్నాం. 3య + 4క లో బయటికి తీయడానికి ఉమ్మడి అక్షరం లేదు, అందుకే అక్కడ ఆగాలి. ఇలా చూస్తే మిగతా సందేహాలూ వాటంతటవే తీరతాయి. 5యక, 2కయ సజాతి పదాలేనా? సంఖ్యల గుణకారంలో వరస మారినా ఫలితం మారదు కాబట్టి అవును, మొత్తం 7యక. 3య²క, 3యక² మాత్రం వేరు. మొదటిదానిలో వర్గం 'య'ది, రెండోదానిలో 'క'ది.

ఢిల్లీ బళ్లలో పిల్లలు ఎక్కాల్ని హిందీలో అప్పజెబుతారు. ఆట్ తియా చౌబీస్, ఆట్ చౌకే బత్తీస్, ఆట్ సత్తే ఛప్పన్. అదీ లయబద్ధమైనదే, గుర్తుండేదే. అయితే ఈ ఎనిమిదో ఎక్కం వరసల్లో ఎనిమిదులు అన్న బహువచనం లేదు.

వర్ణాలు, రూపాలు

సజాతి అన్న మాట ఎక్కడిదో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. బ్రహ్మగుప్తుడు 628లో రాసిన బ్రాహ్మస్ఫుట సిద్ధాంతంలో కుట్టకాధ్యాయం ఉంది. అందులో అవ్యక్తాల, అంటే తెలియని రాశుల గురించీ, వాటి వర్గాలు, ఘనాల గురించీ చెబుతూ, ఒకే రకమైన వాటికే కూడిక, తీసివేత జరుగుతాయని, వేరు రకాలు విడివిడిగా ఉండాలని నియమం పెట్టాడు. భాస్కరాచార్యుడు 1150 నాటి బీజగణితం అనే గ్రంథంలో ఇదే విషయాన్ని జాతి అన్న మాటతోనే చెప్పాడు: సమాన జాతికి చెందినవి కలుస్తాయి, భిన్న జాతివి వేరుగా నిలుస్తాయి. నేటి ఏడో తరగతి పిల్లవాడు పుస్తకంలో చదివే నిర్వచనం దాదాపు ఇదే.

వాళ్లు అవ్యక్త రాశులకు రంగుల పేర్లు పెట్టుకున్నారు. మొదటిది యావత్తావత్, అంటే ఎంతైతే అంత. రెండోది కాలకం, నలుపు. తర్వాత నీలకం, పీతకం, లోహితకం. వీటి మొదటి అక్షరాలే గుర్తులు: యా, కా, నీ, పీ, లో. అవ్యక్తం లేని ఉత్త సంఖ్యకు, ఇప్పుడు మనం స్థిరపదం అనేదానికి, 'రూ' అని గుర్తు. అది రూపం అన్న మాటకు పొట్టిరూపం. వర్గానికి 'వ' చేర్చి యావ అనేవారు. వేర్వేరు అవ్యక్తాల లబ్ధానికి భావితమని పేరు. ఋణ సంఖ్యల మీద చుక్క పెట్టేవారు. వర్ణం అన్న మాటకు రంగు, అక్షరం అని రెండర్థాలూ ఉండటం ఇక్కడ ఎంత బాగా కుదిరిందో! ఒకే అవ్యక్తం ఉంటే ఏకవర్ణ సమీకరణం, ఎక్కువ ఉంటే అనేకవర్ణ సమీకరణం.

భాస్కరుడి బీజగణితంలోని ఒక లెక్క ఈ పద్ధతిని చక్కగా చూపిస్తుంది. ఒకడి దగ్గర 300 రూపాలు, 6 గుర్రాలు ఉన్నాయి. ఇంకొకడి దగ్గర 10 గుర్రాలున్నాయి, కానీ 100 రూపాలు అప్పు ఉంది. గుర్రాల ధర అన్నిటికీ ఒకటే, ఇద్దరి ఆస్తీ సమానం. గుర్రం వెల ఎంత? రెండు పక్షాలనూ కింద మీద ఇలా రాసుకోవాలి:

యా 6  రూ 300
యా 10  రూ −100

యా కింద యా, రూ కింద రూ. ఒకే నిలువు వరసలో ఒకే జాతి. పై వరసలోని 6 యా కింది 10 యా నుంచి తీసేస్తే 4 యా మిగులుతుంది. కింది −100ను పై 300 నుంచి తీసేస్తే 400. నాలుగు గుర్రాలు 400, ఒక గుర్రం 100. ఈ తీసివేతకు సమశోధనమని పేరు. ఇందులో ఎక్కడా గుర్రాల నుంచి రూపాలు తీయలేదు, నిలువు వరసలే ఆ పొరపాటు జరగనివ్వవు. ఇప్పటి పిల్లలకు కూడా లెక్కను ఒకే పొడుగు గీతలో కాకుండా ఇలా నిలువు గళ్లలో రాయించడం ఎంతో మేలు. మన స్థానవిలువ కూడికలో చేసేదీ ఇదే: ఒకట్ల కింద ఒకట్లు, పదుల కింద పదులు, వందల కింద వందలు.

తెలుగులో తొలి గణిత గ్రంథంగా పేరున్నది పావులూరి మల్లన సారసంగ్రహ గణితం. తొమ్మిదో శతాబ్దిలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన గణితసార సంగ్రహానికి అది తెలుగు సేత. లెక్కల భాషను తెలుగు పద్యంలోకి తెచ్చిన గొప్పతనం మల్లనది.

ఒకే జాతి పదాలనే కలపాలన్న ఆలోచన ప్రపంచంలో మరికొన్ని చోట్లా కనబడుతుంది. మూడో శతాబ్దం ప్రాంతపు అలెగ్జాండ్రియా పండితుడు డయోఫాంటస్, సమీకరణానికి రెండు వైపులా ఉన్న ఒకే రకం పదాలను తీసేయమన్నాడు. తొమ్మిదో శతాబ్దపు బాగ్దాద్‌లో అల్ ఖ్వారిజ్మీ రాసిన పుస్తకం పేరులో రెండు మాటలున్నాయి: అల్ జబ్ర్, అల్ ముకాబలా. తీసివేతలో ఉన్న పదాన్ని అవతలి వైపు కలిపి సరిచేయడం మొదటిది, రెండు వైపులా ఉన్న సజాతి పదాలను ఒకదానికొకటి చెల్లుబెట్టడం రెండోది. ఆల్జీబ్రా అన్న పేరు మొదటి మాట నుంచి వచ్చింది. తెలియని రాశులకు ఇప్పుడు వాడే రోమన్ అక్షరాల ఆనవాయితీ 1637లో డెకార్ట్ జ్యామితి గ్రంథంతో స్థిరపడింది.

పిల్లలు ఎక్కడ పడతారు

ఏ బడి నోటుపుస్తకం తెరిచినా కనబడే తప్పులు నాలుగు. 3య + 4 = 7య. 2య + 3క = 5యక. 2య + 3య = 5య². 5య − య = 5.

మొదటి రెండింటికీ మూలం ఒకటే. కూడిక గుర్తు ఉందంటే పని ఇంకా మిగిలుందని, జవాబు ఒకే ముక్కగా ఉండాలని పిల్లలు అయిదేళ్లుగా నేర్చుకున్నారు. 8 + 5 దగ్గర ఆగిపోతే మాస్టారు మార్కు వేయలేదు. ఇప్పుడు 3య + 4 దగ్గర ఆగమంటున్నారు. ఆగడమూ జవాబేనని ఎవరో ఒకరు నోరు తెరిచి చెప్పాలి. మూడో తప్పులో కూడికా గుణకారమూ కలగాపులగం అయ్యాయి. నాలుగోదానిలో పండ్ల బుట్ట నీడ కనిపిస్తుంది: 5య నుంచి 'య' అనే వస్తువును తీసేస్తే 5 మిగిలింది. ఒంటరి 'య' ముందు కంటికి కనబడని 1 ఉందని గుర్తుంటే 5య − 1య = 4య అని రాస్తారు. అయిదు ఎనిమిదులలో ఒక ఎనిమిది పోతే నాలుగు ఎనిమిదులు మిగులుతాయి.

వీటిని పట్టుకోవడానికి అక్షరం స్థానంలో ఏదైనా సంఖ్య పెట్టి చూడమని చెబుతారు. మంచి సలహానే, కానీ ఏ సంఖ్య పెట్టాలన్నది ముఖ్యం. పిల్లలు అందరికంటే ముందు పెట్టే సంఖ్య 1. య = 1 అయితే 3య + 4 విలువ 7, 7య విలువా 7. క కూడా 1 అయితే 2య + 3క విలువ 5, 5యక విలువా 5. 2య + 3య విలువ 5, 5య² విలువా 5. మొదటి మూడు తప్పులూ ఒప్పులై కూర్చుంటాయి! సున్న పెడితే మొదటిది దొరుకుతుంది, రెండోదీ మూడోదీ రెండు వైపులా సున్నాలై మళ్లీ తప్పించుకుంటాయి. అందుకే య = 2, క = 3 లాంటివి పెట్టాలి. అప్పుడు 3య + 4 విలువ 10, 7య విలువ 14. 2య + 3క విలువ 13, 5యక విలువ 30. 2య + 3య విలువ 10, 5య² విలువ 20. తప్పు దాగే చోటు ఉండదు.

గుర్తుల సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. 7య + 3క − 2య + 5 − క + 4 తీసుకోండి. ఇందులో ఆరు పదాలున్నాయి. మైనస్ గుర్తు తన వెనక వచ్చే పదానిది, ముందు పదానిది కాదు. కాబట్టి పదాలు 7య, 3క, −2య, 5, −క, 4. అనుభవమున్న టీచర్లు 'య' పదాల కింద ఒక గీత, 'క' పదాల కింద రెండు గీతలు గీయిస్తారు, గుర్తుతో సహా. ఏడులోంచి రెండు పోతే 5య, మూడులోంచి ఒకటి పోతే 2క, అయిదూ నాలుగూ తొమ్మిది. జవాబు 5య + 2క + 9. య = 2, క = 3 పెడితే రెండు వైపులా 25 వస్తుంది.

ముంబయిలోని హోమీ భాభా విజ్ఞాన విద్యా కేంద్రంలో రాఖీ బెనర్జీ, కె. సుబ్రమణియం ఈ గుర్తుల సమస్య మీద పనిచేశారు. అక్షరాలు రాకముందే, ఉత్త అంకెల లెక్కల్లోనే పదం అన్న భావనను పిల్లలకు అలవాటు చేయాలన్నది వాళ్ల పద్ధతి. 19 − 7 + 4 లో +19, −7, +4 అని మూడు పదాలున్నాయని చూడగలిగిన పిల్లలు 7నీ 4నీ ముందే కూడి 19లోంచి 11 తీసేసే తప్పు చేయరు. ఆ చూపు బీజగణితంలోకి అలాగే వెంట వస్తుంది. 2012లో వాళ్లు ప్రచురించిన ఈ పని మన టీచర్ల శిక్షణలో తప్పక ఉండాల్సినది.

బీజగణితం దాటి

జాతి చూసి కలపడం అన్నది పై తరగతుల్లో వేరే వేషాల్లో తిరిగి వస్తుంది. 2√3 + 5√3 = 7√3, కానీ √2 + √3 కలవవు. రెండు ఏడో వంతులు, మూడు ఏడో వంతులు కలిసి అయిదు ఏడో వంతులు. హారాలు వేరైతే ముందు ఒకే జాతికి తేవాలి. భౌతికశాస్త్రంలో మీటర్లను మీటర్లతోనే కూడతాం. మాత్రికల దగ్గర ఒక కొత్త హెచ్చరిక వస్తుంది: అక్కడ గుణకారంలో వరస మారితే ఫలితం మారవచ్చు, కాబట్టి యక, కయ సజాతులని ముందే అనుకోకూడదు. కంప్యూటర్లు బహుపదులను నిల్వ చేసేటప్పుడు కూడా ఒక్కో అక్షర భాగానికి ఒక అర కేటాయించి, అందులో గుణకాన్ని ఉంచుతాయి. భాస్కరుడి నిలువు వరసలే అవి.

ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు బడి పుస్తకాలు ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగుగా వస్తున్నాయి. అక్కడి పిల్లలకు లైక్ టర్మ్స్, సజాతి పదాలు ఎదురెదురుగా కనిపిస్తాయి. ఢిల్లీలో ఆ ఎదుటి పేజీ లేదు. కాబట్టి జనక్‌పురిలోనో, ద్వారకలోనో, నోయిడాలోనో ఉన్న తెలుగు తల్లిదండ్రులకు ఒక మనవి. మీ అబ్బాయో అమ్మాయో ఈ పాఠం మొదలుపెట్టిన రోజు సాయంత్రం, నోటుపుస్తకం తెరవకముందే, మూడో ఎక్కంలోంచి మూడు ఎనిమిదులు, నాలుగో ఎక్కంలోంచి నాలుగు ఎనిమిదులు తెలుగులో చెప్పించండి. ఆ రెండూ కూడితే ఏ ఎక్కంలో ఏ వరస వస్తుందో వాళ్లనే వెతకనివ్వండి.